మారు అడగని అన్నం

కంకిపూడిలో జనం ఆవలింతలను కూడా రేపటికి వాయిదా వేసుకుంటున్న రోజులవి.

ఒకప్పుడు కాలువ నీళ్ల వంతు దగ్గర పారలు లేచిన ఊరది. ఇప్పుడు పార లేపడమే గగనమైపోయి, "నువ్వే పెట్టుకో అన్నా, నేను కాసేపు కూచుంటా" అంటున్నారు. టీ కొట్టు దగ్గర రాజకీయాలు సగం వాక్యంలో ఆగిపోతున్నాయి, మిగతా సగం ఏమైందని ఎవరూ అడగడం లేదు. పిల్లలు నిలబడలేకపోతున్నారని బళ్లో 'కూర్చుని ప్రార్థన' అనే కొత్త పద్ధతి పెట్టారు. కొట్లాటలు లేవు కనక పోలీసు వారు దీన్ని శాంతిభద్రత అన్నారు. ఆకలి కేకలు లేవు కనక ప్రభుత్వం వారు ఆహార భద్రత అన్నారు. ఈ రెండు భద్రతల మధ్య నలిగిన భద్రం ఒకడున్నాడు. డాక్టర్ అన్నవరపు భద్రాచలం, కంకిపూడి వరి పరిశోధన కేంద్రంలో ప్రధాన శాస్త్రవేత్త.

ఇంటిపేరులో అన్నం, ఒంటిపేరులో భద్రం. ఇంతకన్నా అర్హత ఏం కావాలనుకున్నాడో ఏమో, దేశం మొత్తానికి సగం అన్నంతో సరిపెట్టే విద్యను దేవుడు ఈయన చేతే కనిపెట్టించాడు.

కనిపెట్టిన రోజుల్లో పరిస్థితి వేరు. వానలు వరసగా ఎగ్గొట్టాయి. గోదాముల్లో ఎలకలు కూడా ఏకాదశి పాటించాయి. ఉన్న గింజలతో ఉన్న జనాన్ని గట్టెక్కించే దారి చెప్పమని పైనుంచి అన్ని కేంద్రాలకూ కబురొచ్చింది. అందరూ పంట ఎలా పెంచాలని తలలు పట్టుకుంటే, భద్రాచలం ప్రశ్నను బోర్లించాడు. పంట పెంచలేనప్పుడు ఆకలిని తగ్గిస్తే పోలేదా అన్నాడు. గింజలో ఒక కొత్త మాంసకృత్తు పండేలా చేశాడు. అది పేగుల్లోకి దిగి, మెదడుకు 'ఇక చాలు' అనే కబురు మోసే నరాన్ని తడుతుంది. కడుపు సగమే నిండినా కబురు మాత్రం నిండుగా వెళుతుంది.

బోనులో ఆ అన్నం తిన్న ఎలకల ముందు మొదటిసారి రెండో గిన్నె పెట్టినప్పుడు, అవి సన్మానం అయిపోయిన పెద్దమనుషుల్లా వెనక్కి వాలి మీసాలు దువ్వుకున్నాయి. తూకాలు, లెక్కలు చూసే మస్తాన్‌వలి బోనులోకి వంగి చూసి, "సార్, ఎలకలు వద్దంటున్నాయి. మన సర్వీసులో వద్దన్న జీవిని ఇదే చూడటం" అన్నాడు.

గింజ సన్నం, కడుపు నిండు. అందుకని 'నిండు సన్నాలు' అని పేరు పెట్టారు. అప్పుడు ఆ పేరు అందరికీ ముద్దొచ్చింది. గింజ నిండుగానే ఉండి, తిన్నవాళ్లు సన్నాలవుతారని అప్పుడెవరికీ తోచలేదు.

భద్రాచలం దాన్ని కరువు దాటేదాకా పనికొచ్చే ఊతకర్ర అనుకున్నాడు. కరువు దాటింది, వానలు తిరిగొచ్చాయి. కానీ కర్ర రుచి మరిగిన ప్రభుత్వం, కర్ర చేతిలో పెట్టి కాలు పట్టుకుపోయింది. రేషన్ సగానికి దించి 'సగం చాలు' పథకమని పేరు పెట్టారు. సగం తిండికి సగం వరి చాలు కనక మిగతా సగం పొలాలను కంపెనీలకు కౌలుకిచ్చారు. అక్కడ ఇప్పుడు లారీలు తాగే నూనె కోసం మొక్కజొన్న పండుతోంది. ఏటా ఇంటింటికీ వచ్చి "నిన్న మీకు ఆకలి వేసిందా?" అని అడిగి వెళుతున్నారు. ఎవరికీ వేయలేదు. ఆకలి లేని దేశాల వరసలో మన దేశం ముందుకు, మరీ ముందుకు జరిగింది. అంత ముందుకు జరిగింది గానీ నడిచి జరిగిందో, తోస్తే జరిగిందో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు ఆ సగాన్ని శాశ్వతం చేయబోతున్నారు. దానికి కావలసింది ఒక్కటే. ఆ వంగడాన్ని పుట్టించినవాడు, ఇది మనిషికి చాలునని చివరిసారి రాసి సంతకం పెట్టాలి. రాజధాని నుంచి ఆ సంతకం కోసం ఒక పెద్ద అధికారిణి బయల్దేరుతున్నారన్న వార్త వచ్చిన రోజునే, భద్రాచలం అక్క మంగతాయారు గంజి వారుస్తూ వంటింట్లో పడిపోయింది.

*

తాయారుకు ఊళ్లో ఒక మెస్సుంది. పరిశోధన కేంద్రం గేటుకు ఎదురుగా, బస్సులాగే చోట. బోర్డు మీద 'తాయారు మెస్, భోజనం ఎప్పుడూ తయారు' అని ఉంటుంది. మొగుడు పోయాక అదే ఆమె సంసారం. తమ్ముడిది పక్కిల్లే అయినా, పెళ్లీ పెటాకులూ లేని శాస్త్రవేత్త కనక అతని పొయ్యీ ఇదే.

ఆమె గరిటె ముందు 'చాలు' అనే మాటకు ఏనాడూ చలామణి లేదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పప్పు పోసేది. లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టేది. ఆమె లెక్కలో మొదటి 'చాలు' మర్యాద, రెండో 'చాలు' అనుమానం, మూడో 'చాలు' అంటే అసలు భోజనం ఇప్పుడు మొదలైందని. బంతిలో కూర్చున్నవాళ్లు కూడా ఊరికే తినేవాళ్లు కారు. "ఏంటి తాయారమ్మ గారూ, పప్పులో ఉప్పు ఎటు పోయింది?" "సాంబారులో మునక్కాడ ఈదుకుంటా పోయిందా?" అని పైకే అడిగేవాళ్లు. ఆమె గరిటె ఝళిపించి జవాబిచ్చేది. ఆ గోలకు బస్సు డ్రైవరు హారన్ కొట్టడం మానేసి దిగొచ్చి తనూ కూర్చునేవాడు.

నిండు సన్నాలు వచ్చాక మెస్సులో మారు అడిగేవాడు లేడు. మారు అడగనివాడు ఉప్పు గురించి మాత్రం ఎందుకు అడుగుతాడు. తిన్నామంటే తిన్నామని నాలుగు ముద్దలు మింగి, గోడ పట్టుకుని లేచి పోతున్నారు. గిన్నెలో రసం మిగులుతోంది, తాగినవాడిలో నీరసం మిగులుతోంది.

తాయారు అందరి తర్వాత, వంటింటి తలుపు వెనక, గిన్నె అడుగున ఉన్నది పెట్టుకుని తినే మనిషి. అదీ ఆమెకు అలవాటు. ఇంతకుముందు ఆకలి ఆమెను పోరి పోరి తినిపించేది. ఇప్పుడు ఒక్క ముద్దకే అది నోరు మూసుకుంటోంది. అందరినీ బతిమాలి తినిపించిన మనిషిని బతిమాలేవాళ్లు ఆ ఇంట్లో ఏనాడూ లేరు, ఆకలి ఒక్కటి తప్ప. దాని నోరు తమ్ముడు నొక్కేశాడు.

ఆస్పత్రిలో డాక్టరు కుర్చీలో కూర్చునే నాడి చూశాడు.

"జబ్బేం లేదు సార్. తిండి లేదు."

"మెస్సు నడిపే మనిషికి తిండి లేకపోవడమేంటండీ," అన్నాడు భద్రాచలం.

"ఊళ్లో అందరికీ ఇదే సార్. కాకపోతే ఈవిడ వయసుకు తట్టుకోలేకపోయారు. ఇట్టాగే ఉంటే మాత్రం..." డాక్టరు వాక్యాన్ని అక్కడే వదిలేశాడు. పూర్తి చేయడానికి ఇష్టం లేకో, ఓపిక లేకో తెలియలేదు.

"కాదండీ. నిండు సన్నాలు సగం తింటే మనిషికి సరిపోతుంది. ముందు మనుషులకు పెట్టి చూసే కదా వదిలాం. నాట్లు వేసే ఆడవాళ్లు, ఎండలో కష్టపడేవాళ్లు. ఒక నాట్ల కాలమంతా రెండు పూటలా మా దగ్గరే తిన్నారు. ఒక్కరి బరువూ తగ్గలేదు. మా అక్కకు ఇంకేదో జబ్బుంది, సరిగ్గా చూడండి."

"చూశాను సార్. మీ పరీక్షలో వాళ్లు ఎందుకు తగ్గలేదో మీరు చూడండి," అన్నాడు డాక్టరు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ.

మంచం మీద తాయారు నవ్వింది. ఇద్దరు మనుషులు తిరిగే చోటు ఒక్కతే తీసుకునే మనిషి, దుప్పటి కింద ఉందో లేదో తెలియకుండా ఉంది.

"ఆయన్నెందుకురా వేధిస్తావు. నేను తింటూనే ఉన్నాను. ముద్ద పెట్టుకోగానే నిండుతోంది. నువ్వే కదా కనిపెట్టావు. సుఖంగానే ఉందిలే, అంట్లు తక్కువ."

*

తాయారును ఇంటికి తెచ్చిన రెండో రోజు మధ్యాహ్నం నాంచారమ్మ చూడటానికి వచ్చింది. నాట్ల ముఠాకు మేస్త్రి. ఆ పరీక్షలో కూర్చుని తిన్నవాళ్లందరినీ తీసుకొచ్చింది ఆవిడే. గడప దగ్గర కాసేపు ఆగి ఆయాసం తీర్చుకుని లోపలికొచ్చింది.

"ఏంటి తాయారమ్మ గారూ, ఇట్టా అయిపోయారు. తలుపు సందులో పెడితే పట్టేట్టున్నారు."

"రావే నాంచారీ. అన్నం తిని పో."

"లేవలేరు గానీ అన్నం తిని పొమ్మంటన్నారు," అని నాంచారమ్మ మంచం పట్టె మీద కూలబడింది. "ఆ రోజుల్లో మీ గరిటె దెబ్బకి మేం బస్సెక్కలేకపోయేవాళ్లం. సెంటర్లో సారు వాళ్ల అన్నం, ఆ పైన మీ అన్నం. మా గోవిందమ్మ జాకెట్టు కుట్లు ఇప్పించుకుంది, గుర్తుందా."

పక్కగదిలో కాగితాలు చూసుకుంటున్న భద్రాచలం తల ఎత్తాడు. లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏ రోజుల్లో నాంచారమ్మా?"

"అదేనండీ, మీరు మమ్మల్ని బల్లల మీద కూచోబెట్టి అన్నం తూచి పెట్టారు గదా, ఆ నాట్లప్పుడు."

"మా దగ్గర తిన్నాక ఇక్కడ తినేవాళ్లా?"

"తినకుండా ఈవిడ బస్సెక్కనిస్తేనా."

"ఆకలి వేసేదా మీకు?"

"ఆకలెక్కడిదండీ. మీ అన్నం తిన్నాక ఆ ఊసే ఉండేది కాదు. అయినా విస్తరేసి, చెయ్యి పట్టి లాగి కూచోబెడితే పెద్దావిడ మాట ఎట్టా తీసేస్తాం. మొహమాటం గదా."

"మరి మా దగ్గర ఒక్క గరిటెకే చాలు, చాలు అన్నారు కదా."

"అక్కడా మొహమాటమేనండీ. తెల్లకోట్లేసుకున్న మగాళ్లు పెన్నులు పట్టుకుని ఎదురుగా నిలబడితే ఏ ఆడది మారు అడుగుద్ది." నాంచారమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మొదటిసారి మేం చాలనాలి. మీరు కాస్త బతిమాలాలి. అప్పుడు మేం పెట్టించుకోవాలి. మీరేమో మొదటి మాటకే గరిటె తీసేసుకుని రాసేసుకున్నారు. చదువుకున్నోళ్లు, వడ్డన తెలీదేమోలే అనుకున్నాం."

మొదటి 'చాలు'కే గరిటె ఆపాలి, ఎవరూ బతిమాలకూడదు అన్న నియమం రాసింది భద్రాచలమే. బతిమాలితే కొలత చెడుతుందని. ఈ అక్క చేతి కింద పెరిగినవాడు, మొదటి 'చాలు'కు అర్థం లేదని తెలిసి ఉండాల్సినవాడు.

"నాంచారమ్మా, బయట తినకూడదని మీ చేత మాట తీసుకున్నాను నేను."

"మాట తప్పలేదండీ," అంది ఆవిడ నొచ్చుకుంటూ. "బజ్జీల బండి వంకైనా చూళ్లేదు. మీ అక్కగారి దగ్గర తింటే బయట తిన్నట్టు ఎట్టా అవుద్ది. సెంటరూ మీదే, మెస్సూ మీదే."

భద్రాచలం అక్క వైపు తిరిగాడు. "నీకైనా తెలుసు కదక్కా. బయట తిండి పనికిరాదని నీతో చెప్పాను."

"చెప్పావు," అంది తాయారు కళ్లు మూసుకునే. "నేను బయటదాన్నట్రా? పొద్దుటి నుంచి బురదలో నడుం వంచినవాళ్లు, నా గుమ్మం ముందు బస్సు కోసం నిలబడితే, గరిటెడు అన్నం తిని పొమ్మన్నాను. నీ పరీక్షకి నా సాయం కూడా ఉందని ఆస్పత్రిలో నర్సుకి చెప్పుకున్నాను కూడాను."

అక్కడ మొహమాటానికి మానేశారు, ఇక్కడ మొహమాటానికి తిన్నారు. ఆ రెండు మొహమాటాలకూ పుట్టిన బిడ్డకు దేశం సగం చాలు అని బారసాల చేసింది.

మస్తాన్‌వలికి చెబితే, ఖాళీ బోను తలుపు వేసి గడియ పెట్టాడు. "ఎలకలు నయం సార్," అన్నాడు. "వాటికి అక్కలుండరు." తర్వాత ఇంకో మాట అన్నాడు. "పాలసీ అంటే ఏంటో ఇన్నాళ్లకు తెలిసింది. ప్రజలు అలసిపోవడం. ప్రజల్లో 'ప'కి 'అలసి' తగిలిస్తే అదే."

ఇద్దరూ నవ్వుదామనుకున్నారు. దానికీ ఓపిక కావాలి.

*

రాజధాని నుంచి వచ్చిన అధికారిణి పేరు మిత్రవింద. కాస్త నోరు జారితే ఆ పేరులో మితమూ ఉంది, విందూ ఉంది. ఆవిడ శాఖ మాత్రం మితం ఉంచుకుని విందు తీసేసింది. కారు దిగి కేంద్రం మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, పూలకుండీ చూస్తున్నట్టు నిలబడి ఊపిరి తీసుకుంది. అది చూసి భద్రాచలానికి ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కష్టమైపోయింది.

అతిథి గృహంలో ఇద్దరికీ భోజనం పెట్టారు. చెరో గరిటె నిండు సన్నాలు.

"ఒక్క సంతకం భద్రాచలం గారూ. ఆ తర్వాత ఇద్దరం కాసేపు నడుం వాలుద్దాం."

"పరీక్ష తప్పు మేడమ్."

"ఏ పరీక్ష?"

"అసలుది. మొదటిది. ఏది చూసి మీరు సగం చాలన్నారో అది."

చెప్పాడు. బస్సు ఆగే చోటు, విస్తరి, గోవిందమ్మ జాకెట్టు కుట్లు, అన్నీ చెప్పాడు. మిత్రవింద కంచం పక్కకు జరిపింది.

"మా అమ్మదీ ఇదే వరస," అంది. "గ్యాసు బండ తెచ్చినవాణ్ని కూడా తినకుండా పంపేది కాదు." తర్వాత గొంతు మామూలైపోయింది. "సరే. ఇది రాసిస్తే ఏం మారుతుందనుకుంటున్నారు? సగం పొలాలు కంపెనీల చేతుల్లో ఉన్నాయి. కాలువ చివర్లు పూడ్చి మొక్కజొన్న వేశారు. రేపు మీరు తప్పయిందంటే అవి ఎల్లుండి వరి పొలాలు కావు. పాత విత్తనం ఊరూరికీ చేరాలన్నా ఎన్నో పంటలు పడుతుంది. మీకూ తెలుసు."

"తెలుసు. శాశ్వతం కాకుండా మాత్రం ఆగుతుంది కదా."

"ఆగుతుంది," ఆవిడ ఒప్పుకుంది. "పుట్టించినవాడే కాదంటే ఎవరూ శాశ్వతం చేయలేరు. ఏటా మళ్లీ అనుమతి అడగాలి."

"ఏటా అడిగితే, ఏదో ఒక ఏడు ఎవరో ఒకరు కాదంటారు."

మిత్రవింద నీళ్లు తాగింది. "ఇంకో సంగతి. ఊరికే తప్పు జరిగిందంటే మా వాళ్లు ఒప్పుకోరు. కారణం రాయాలి. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు అని. కారణం రాయకపోతే కాగితం కదలదు. రాస్తే మీ అక్కగారి పేరు కదులుతుంది. టీవీలోకి, వీధిలోకి, అందరి నోట్లోకి. ఒంట్లో బాగాలేదన్నారు. ఆలోచించుకోండి. నేను సాయంత్రం వరకూ ఉంటాను."

*

భద్రాచలం మెస్సుకు నడిచాడు. గేటు నుంచి ఎదురుగా కనబడే మెస్సు, ఆ రోజు చాలా దూరం జరిగినట్టుంది. 'కొందరు తెలియని వ్యక్తులు భోజనం పెట్టుట వలన' అని ఒక వాక్యం దారిలో తయారైంది. బాగానే కుదిరింది. ఎవరికీ దెబ్బ తగలదు. కానీ తెలియని వ్యక్తులు భోజనం పెడితే ఎవరు తింటారని, మిత్రవిందే కాదు, ఈ దేశంలో ఏ గుమాస్తా అయినా అడుగుతాడు.

తాయారు గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. ఒక్కో కాయకూ మధ్య కాస్త విశ్రాంతి.

అతను పక్కన కూలబడి సంగతి చెప్పాడు. ఆమె చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే వింది.

"నా పేరు రాస్తే నీకు నామోషీయా?"

"నాకు కాదక్కా. ఊరూవాడా నిన్ను తిడతారు. ఈవిడ వల్లే జనం కడుపులు మాడాయంటారు."

"మాడింది నేను పెట్టినందుకా, మీరు పెట్టనందుకా?"

అతని ఇన్నేళ్ల చదువులో ఆ ప్రశ్నకు ఒక్క అధ్యాయం కూడా లేదు.

"తప్పుడు పేరెందుకు రాస్తావు. అన్నవరపు వారి ఆడపడుచు మంగతాయారు అన్నం పెట్టిందని రాయి. అన్నం పెట్టానని నలుగురికీ తెలిస్తే నాకేం చిన్నతనం లేదు. ఊరు రాయి, మెస్సు ఎక్కడుందో కూడా రాయి. తిట్టేవాళ్లని ఇక్కడికే పంపు. ముందు భోంచేస్తారు."

"తర్వాత తిడతారు."

"తిన్నాక ఎవడూ తిట్టలేడురా. మొహమాటం," అంది తాయారు. ఇంకో చిక్కుడుకాయ అందుకోబోయి, అందక చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

అతను చేట ఆమెకు దగ్గరగా జరిపాడు.

కాగితం అక్కడే, చాప మీదే రాశాడు. అక్క పేరు పూర్తిగా రాశాడు, తన నియమం కూడా రాశాడు. మొదటి 'చాలు' దగ్గర గరిటె ఆపమన్నది తానేనని, ఆ మాటను నమ్మడం తన తప్పేనని. చివర్లో శాస్త్రంలో లేని వాక్యం ఒకటి చేరింది. 'మన వారిలో చాలు అన్న మాటను మొదటిసారి నమ్మరాదు.' కొట్టేద్దామా అనుకుని ఉంచేశాడు.

మిత్రవింద కారు పక్కన నిలబడే చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగినట్టుంది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"పైకి పంపుతాను," అంది. "ఇది పంపాక నన్నెక్కడికి పంపుతారో చూడాలి."

కారు కదిలాక భద్రాచలానికి గుర్తొచ్చింది, ఆవిడ కంచంలో అన్నం సగం అలాగే ఉందని, తను ఒక్క మాటైనా బతిమాలలేదని.

*

తర్వాత జరగవలసినవి జరిగాయి. భద్రాచలానికి చేద్దామనుకున్న సన్మానం రద్దయింది, శాలువా ఇంకెవరికో సర్దారు. టీవీ వాళ్లు మెస్సు ముందు నిలబడి 'దేశాన్ని మోసిన గరిటె, దేశాన్ని మోసగించిన గరిటె' అని అరిచారు. అరుపు సగంలో మైకు పట్టుకున్న అమ్మాయికి కళ్లు తిరిగితే నాంచారమ్మ లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. మిగతా సగం అరవకుండానే వాళ్లు వెళ్లిపోయారు. రేషన్ ఈ ఏడాదికీ సగమే. మొక్కజొన్న అలాగే ఉంది, లారీలు తాగుతున్నాయి. 'శాశ్వతం' అన్న మాట మాత్రం ఉత్తర్వులోంచి తీసేశారు. ఒక్క మాట తీయడానికి ఇంత ఓపిక ఖర్చయితే, ఒక్క పొలం వెనక్కి తేవడానికి ఎంత కావాలో అని మస్తాన్‌వలి లెక్క వేయబోయి మానేశాడు. కేంద్రం వెనక ఒక చిన్న నేలచెక్కలో పాత రకం వరి నారు పోశారు. పచ్చగా, అరచేయంత ఎత్తు లేచింది.

తాయారుకు మందు లేదు. తినడమే మందు. అడిగే ఆకలి లేదు కనక, అడగకపోయినా పెట్టే మనిషి కావాలి.

ఆ రోజు మధ్యాహ్నం బంతి లేచాక, భద్రాచలం అక్కను వంటింటి తలుపు వెనక నుంచి లేపి, చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకొచ్చాడు. అందరూ కూర్చునే బల్ల దగ్గర కూర్చోబెట్టి విస్తరి వేశాడు. ఇన్నేళ్లలో ఆమె ఆ బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు. ఎటు తిరగాలో తెలియనట్టు చూసింది. పప్పు అతనే వండాడు. నాంచారమ్మ వాకిట్లో కూర్చుని, ఇంతకన్నా అన్యాయమైన పోపు వాసన చూడలేదంటోంది.

ఒక గరిటె వడ్డించాడు. ఆమె రెండు ముద్దలు తిని, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలురా."

అతని చెయ్యి గాల్లో ఆగింది. చాలు అంటే గరిటె ఆపాలి. తనే రాసి, అందరి చేతా పాటింపజేసి, దేశమంతా అమలు చేయించిన నియమం. మోచేతిలో దిగబడిపోయింది. తర్వాత గరిటె వంచి, ఆమె వేళ్ల సందుల్లోంచి పప్పు పోశాడు.

"చాలన్నాను కదా."

"విన్నాను."

తాయారు తమ్ముడి వంక చూసి, చెయ్యి తీసి, వేళ్లకంటిన పప్పు అన్నంలో కలుపుకుంది. ఆకలి ఉన్నవాళ్ల తిండి కాదది. బట్టలు ఉతుకుతున్నట్టు, నీళ్లు మోస్తున్నట్టు, ఒక్కో ముద్దా పనిలా తిన్నది. మధ్యలో గోడకు ఆనుకుంది. అతను తొందరపెట్టలేదు, గరిటె పక్కన పెట్టనూ లేదు. బయట బస్సు వచ్చి, హారన్ కొట్టకుండా ఆగి ఉంది.

సగం విస్తరి అయ్యేసరికి ఆమె నమలడం ఆపింది. మొహం చిట్లించింది.

"ఒరేయ్ భద్రం, పప్పులో ఉప్పు వేశావా?"

"వేశానక్కా."

"ఏ ఊళ్లో వేశావు?"

వాకిట్లో నాంచారమ్మ పకపకా నవ్వింది. ఆ మెస్సులో ఉప్పు గురించి ఎవరైనా అడిగి ఎంత కాలమైందో భద్రాచలానికి గుర్తు రాలేదు. ఉప్పు జాడీ కోసం వంటింట్లోకి వెళ్లాడు. ఏ అరలో ఉంటుందో తెలియక కాసేపు వెతుక్కున్నాడు.

అతను తిరిగి వచ్చేసరికి ఆమె చెయ్యి విస్తరి మీద అడ్డంగా లేదు.